అద్దె లేని ఇల్లు

వేసవి సెలవులు ముగుస్తున్న రోజులు. బడులు తెరిచేలోగా ఇల్లు కుదుర్చుకోవాలని మాచర్ల, గురజాల, దుర్గి, దాచేపల్లి వైపుల నుంచి వచ్చిన కుటుంబాలు నరసరావుపేట వీధుల్లో టులెట్ బోర్డులు చదువుకుంటూ తిరిగే కాలం. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి ఈ పట్టణం జిల్లా కేంద్రమైంది. కార్యాలయాలు వచ్చాయి, వాటి వెంట ఉద్యోగులు వచ్చారు, పిల్లల చదువుల కోసం వచ్చేవారు ఎలాగూ వస్తూనే ఉన్నారు. అటువంటి ఒక సాయంత్రం, అసర్ నమాజు ముగించుకుని మసీదు మెట్లు దిగుతూ ఉండగా, ఒకప్పుడు మా వద్ద నాజిరా చదువుకున్న యువకుడొకడు ఎదురువచ్చి సలాము చేశాడు. గురజాల దగ్గర పల్లె అతనిది. కరెంటు పనులు చేసుకుంటాడు. భార్య, బడికి పోయే ఇద్దరు పిల్లలు.

"హజ్రత్, అద్దె లేని ఇల్లు దొరికింది. దుఆ చేయండి" అన్నాడు.

అద్దె లేని ఇల్లేమిటని అడిగాము. రెండు పడకగదుల వాటా అట. మామూలుగా అయితే నెలకు ఎనిమిది వేల రూపాయలు. ఆ ఇంటి యజమానికి డబ్బు అవసరం పడింది. నాలుగు లక్షలు ఆయన చేతిలో పెడితే మూడేళ్ళు ఒక్క రూపాయి అద్దె లేకుండా ఉండవచ్చు. మూడేళ్ళు నిండాక ఇల్లు ఖాళీ చేస్తే నాలుగు లక్షలూ తిరిగి ఇచ్చేస్తారు. "మన సొమ్ము మనకు వస్తుంది, ఇల్లు ఊరికే వస్తుంది. ఇంతకంటే బర్కతు ఏముంటుంది?" అన్నాడు. ఆ నాలుగు లక్షలు తండ్రి వాటాగా వచ్చిన అర ఎకరం అమ్మగా చేతికి అందినవి. అవి తప్ప మరొక ఆధారం లేదు.

మేము వెంటనే దుఆకు చేతులెత్తలేదు. మగ్రిబ్ దాకా కూర్చోమన్నాము. ఆ రోజు అతనితో మాట్లాడిన మాటలూ, ఆ తరువాత మాకు తోచిన మాటలూ ఈ నెల పాఠకుల ముందు ఉంచుతున్నాము. తాతల నాటి ఇంట్లో పుట్టి పెరిగి మొదటిసారిగా అద్దె ఇంటి గడప తొక్కే కుటుంబాలు మనలో ఇప్పుడు అనేకం. తాళంచెవి చేతికి వస్తే ఇల్లు వచ్చినట్టేనని వారికి అనిపిస్తుంది. నిజానికి అక్కడ చేతులు మారేది ఒక ఒప్పందం.

మన ఇళ్ళలో 'కిరాయి' అంటాము, వీధిలో 'అద్దె' అంటాము, ఫిఖ్‌హ్ గ్రంథాలలో దీని పేరు 'ఇజారా'. ఒక వస్తువును అమ్మకుండా, దాని వల్ల కలిగే ప్రయోజనాన్ని ఇంత కాలానికి ఇంత ప్రతిఫలానికని అప్పగించడం ఇజారా. కాలం తెలిసి ఉండాలి, ప్రతిఫలం తెలిసి ఉండాలి, అప్పగించేది ఏమిటో తెలిసి ఉండాలి. వీటిలో ఏది మసకగా ఉన్నా రేపటి తగాదాకు ఈ రోజే పునాది పడినట్టు. దివ్య ఖుర్ఆన్‌లోని ఖసస్ సూరాలో హజ్రత్ మూసా (అలైహిస్సలాం) మద్యన్‌లో కుదుర్చుకున్న కొలువు ప్రస్తావన ఉంది. అక్కడ ఎనిమిదేళ్ళని గడువు స్పష్టంగా చెప్పబడింది, పదేళ్ళు పూర్తి చేస్తే అది ఆయన ఇష్టమని కూడా చెప్పబడింది. ఒక పుణ్యపురుషునికీ, ఒక ప్రవక్తకూ మధ్య కూడా "మనలో మనకేముందిలే" అనే మాట రాలేదు.

మన మదరసాలలో బోధించే హిదాయా గ్రంథంలో ఇంటి అద్దెను గురించిన ఒక సూత్రం ఉంది. గడువు చెప్పకుండా "నెలకు ఇంత" అని ఇల్లు తీసుకుంటే ఆ ఒప్పందం ఒక్క నెలకే చెల్లుతుంది. రెండవ నెల మొదలై కాపురం కొనసాగితే ఆ నెలకు మళ్ళీ చెల్లుతుంది. అలా నెలనెలా అది కొత్తగా పుడుతూ ఉంటుంది. ఈ పాఠం చెప్పినప్పుడల్లా మాకు మన దేశపు చట్టం గుర్తుకు వస్తుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను ప్రకారం, వేరుగా రాసుకున్నది లేనప్పుడు నివాసపు అద్దె నెలనెలా సాగే అద్దెగా పరిగణింపబడుతుంది. ఏ పక్షమైనా 15 రోజుల నోటీసుతో దానిని ముగించవచ్చు. అంటే నోటిమాట మీద చేరిన ఇంట్లో మీ నిలకడ పదిహేను రోజులే. పిల్లవాడి పదో తరగతి పరీక్షలు మార్చిలో ఉండగా ఫిబ్రవరిలో ఖాళీ చేయమంటే చెప్పుకోవడానికి మీ దగ్గర కాగితం ఉండదు.

కాగితం సంగతి వచ్చింది కాబట్టి మా మొదటి అద్దె ఇంటి ముచ్చట చెప్పక తప్పదు. ముప్పై ఏళ్ళ క్రితం, చదువు ముగించుకుని బోధకునిగా ఈ పట్టణానికి వచ్చిన కొత్తలో, భార్యనూ నెలల బిడ్డనూ తీసుకుని నాపరాళ్ళ కప్పు ఉన్న రెండు గదుల ఇంట్లో దిగాము. అద్దె నాలుగు వందలు. అడ్వాన్సు మూడు నెలలది, పన్నెండు వందలు. యజమాని మన సముదాయంవారే. మొదటి వరుసలో నిలబడి నమాజు చేసే మనిషి. ఆయన రసీదు ఇవ్వలేదు, మేము అడగలేదు. అడగడం ఆయనను అవమానించడమని భావించాము. నాలుగేళ్ళ తరువాత ఆయన అల్లాహ్ పిలుపు అందుకున్నారు. మరుసటి ఏడు మేము ఇల్లు ఖాళీ చేసి అడ్వాన్సు అడిగితే, ఆయన కుమారులు అటువంటి సొమ్ము సంగతి తమకు తెలియదన్నారు. వారు అబద్ధమాడారని మేము అనలేము. నిజంగానే తెలియకపోవచ్చు. తెలిసిన ఒక్క మనిషి ఖబ్రస్తానులో ఉన్నారు. నెల జీతం పదిహేను వందలున్న ఆ రోజుల్లో పన్నెండు వందలు పోవడమంటే ఏమిటో ఆ ఏడాది ఈద్ నాడు మా ఇంట్లో తెలిసింది.

ఇందులో మమ్మల్ని నేటికీ సిగ్గుపడేలా చేసేది వేరొకటుంది. ఆ ఐదేళ్ళూ మేము విద్యార్థులకు తఫ్సీరు బోధిస్తూనే ఉన్నాము. ఖుర్ఆన్ మొత్తంలో అతి పెద్దదైన బఖరా సూరా 282వ వాక్యాన్ని ఏటా వివరిస్తూనే ఉన్నాము. గడువు పెట్టుకుని ఇచ్చిపుచ్చుకునే బాకీని రాసుకోమనీ, సాక్షులను పెట్టుకోమనీ, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందవద్దనీ అందులో ఆదేశం ఉంది. నమాజు గురించిన వాక్యం అంత పొడవు లేదు, ఉపవాసాల గురించిన వాక్యం అంత పొడవు లేదు. విశ్వాసులను ఉద్దేశించి చెప్పిన మాట అది. ఒకరినొకరు నమ్మని వారికి మాత్రమే చెప్పినది కాదు. నమ్మకం ఉన్నచోటే రాత అవసరం, ఎందుకంటే నమ్మకస్తుడు కూడా మరిచిపోతాడు, చనిపోతాడు.

కాబట్టి రాయించుకోండి. అద్దె ఎంత, ఏ తేదీలోగా, అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసిన ఎన్ని రోజులకు తిరిగి ఇస్తారు, ఎవరు ఎన్నాళ్ళ ముందు చెప్పాలి, సున్నం ఖర్చు ఎవరిది, కరెంటు, నీళ్ళ పన్ను ఎవరివి, ఏడాది తిరిగాక అద్దె ఎంత పెంచుతారు అన్నవి అందులో ఉండాలి. ఏడాదికి మించిన ఒప్పందమైతే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు చేయించాలి. పదకొండు నెలల ఒప్పందాలు వాడుకలోకి వచ్చింది అందుకే. నోటరీ ముద్ర వేయిస్తే రిజిస్టరు అయిపోయిందని చాలామంది అనుకుంటారు. రెండూ ఒకటి కావు. అడ్వాన్సు నగదుగా కాక బ్యాంకు ద్వారానో ఫోను ద్వారానో పంపితే ఆ లెక్క దానంతటదే నిలిచి ఉంటుంది. గోడల పగుళ్ళు, పనిచేయని స్విచ్చులు, కారే కుళాయిలు చేరే రోజునే ఫోనులో ఫొటోలు తీసి యజమానికి పంపండి. మా కాలంలో ఈ సౌకర్యం లేదు.

ఇల్లు చూడటానికి మగవారు ఒక్కరే పోయి మాట ఇచ్చి రావడం మన వాళ్ళ అలవాటు. ఇది మాకు నచ్చదు. భార్యకు తగిన నివాసం కల్పించడం భర్త బాధ్యత అని మన ధర్మం చెబుతోంది. పగలంతా ఆ గోడల మధ్య గడిపేది ఆమె. కిటికీ తెరిస్తే ఎదురింటి వరండా కనబడుతుందా, పరదా పాటించేవారికి పెరట్లో బట్టలు ఆరేసుకునే వీలుందా, వంటగదిలో గాలి ఆడుతుందా అన్నవి ఆమె కంటికి ఆనినట్లు మన కంటికి ఆనవు. ఆమెను తీసుకువెళ్ళండి, అదీ మధ్యాహ్నం రెండు గంటలకు తీసుకువెళ్ళండి. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటికీ తెలిసినవే. మిగతా పల్నాడు కూడా ఆ ఎండకు దూరంగా ఏమీ లేదు. పొద్దుట చల్లగా, ముచ్చటగా కనిపించిన మేడమీది వాటా మే నెల మధ్యాహ్నం ఇటుకబట్టీలా ఉంటుంది. మీదికప్పు డాబాయా, రేకులా, పైన మరొక అంతస్తు ఉన్నదా అని చూడండి.

తరువాతది నీళ్ళు. సాగర్ కుడి కాలువ పారేటప్పుడు ఉండే ధైర్యం కాలువ కట్టేసిన నెలల్లో ఉండదు. కుళాయి ఎన్ని రోజులకొకసారి వస్తుంది, సంపు ఉన్నదా, బోరు వేసవిలో అందుతుందా, ఆ నీరు ఉప్పనా అని యజమానిని కాక పక్కవాటాలో ఉన్నవారిని అడగండి. మన ప్రాంతంలో పలుచోట్ల బోరునీటిలో ఫ్లోరైడు ఉంది కనుక తాగడానికి, వంటకు ఏ నీరు వాడుతున్నారో కూడా అడగండి. వుజూకూ గుసులుకూ నీళ్ళు లేని ఇంట్లో మన కాపురం సాగదు. ఇక కరెంటు. మీ వాటాకు వేరే మీటరు ఉంటే మేలు. రెండు కుటుంబాలకు ఒకే మీటరు ఉంటే వాడకం కలిసి పై శ్లాబులోకి పోతుంది, యూనిట్ ధర పెరుగుతుంది. ఆ పెరిగినది ఎవరి నెత్తిన పడాలన్నది ప్రతినెలా ఒక పంచాయితీ.

మరుగుదొడ్డి దిశ గురించి కూడా మమ్మల్ని తరచు అడుగుతుంటారు. మనకు ఖిబ్లా పడమర నుంచి కొద్దిగా ఉత్తరానికి వాలి ఉంటుంది. కాలకృత్యాల వేళ ఖిబ్లాకు ముఖంగానీ వీపుగానీ ఉండకూడదు. వాస్తు మీద మనకు విశ్వాసం లేకపోయినా, వాస్తు చూసి కట్టినవారు సాధారణంగా దొడ్డిని ఉత్తర దక్షిణాలుగా పెడతారు, అది మనకు కలిసివచ్చిన సంగతి. ఒకవేళ తూర్పు పడమరలుగా ఉంటే పక్కకు తిరిగి కూర్చోవచ్చు. దానికోసం మంచి ఇల్లు వదులుకోనక్కర లేదు.

ఇంతకంటే కష్టమైన ప్రశ్న గేటు దగ్గరే ఎదురవుతుంది. పేరు చెప్పగానే "ఇల్లు నిన్ననే ఇచ్చేశామండీ" అనే జవాబు మనలో చాలామంది విన్నదే. బోర్డు మాత్రం మరో నెల దాకా వేలాడుతూనే ఉంటుంది. మనసు నొచ్చుకుంటుంది, కాదనము. అయినా, ఇల్లు దొరకదేమోనని పేరు కుదించి చెప్పడం, "మేము మాంసం వండము" అని మాట ఇచ్చి తలుపులు మూసుకుని వండటం మనకు తగదు. మోసంతో సంపాదించిన గదిలో ముసల్లా పరుచుకుని ఏమని దుఆ చేస్తాము? ఉన్నది ఉన్నట్టు చెప్పండి. "మేము ముస్లింలం, ఇంట్లో మాంసం వండుకుంటాము, శుభ్రంగా ఉంటాము, ఒకటో తారీకున అద్దె ఇస్తాము" అని చెప్పినందుకే ఇల్లు ఇచ్చిన హిందూ యజమానులను, ఆ కుటుంబాల మధ్య పాతికేళ్ళు నిలిచిన స్నేహాలను మేము ఈ పట్టణంలోనే ఎరుగుదుము. ఖుర్బానీ మాత్రం అడగకుండా అద్దె ఇంటి ఆవరణలో చేయవద్దు. అది ఆయన స్థలం. మరొక మాట కూడా చెప్పాలి, కొందరికి రుచించకపోయినా. మన ఇళ్ళ మీద వేలాడే బోర్డుల దగ్గర కూడా ఇటువంటి జవాబులే వినబడుతున్నాయి. పనిపాటలు చేసుకునే కుటుంబం వస్తే కులం అడిగి పంపేసిన మన యజమానులు ఉన్నారు. అటువంటివారు ఇతరుల బోర్డుల గురించి ఫిర్యాదు చేస్తే మేము ఏమని ఓదార్చగలము?

చేరిన తరువాత ఎవరి బాధ్యత ఎంత అన్నది రెండవ తగాదా. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం ఇంటి మరమ్మతు, కారే కప్పు, పాడైన తూములు బాగుచేయించడం యజమాని పని. ఆయన చేయించకపోతే ఇల్లు వదిలి పోయే హక్కు అద్దెకున్నవారికి ఉంది. ఊడ్చిన చెత్త, పొయ్యిలో బూడిద తీసి పారేయడం మాత్రం అద్దెకున్నవారిదే. మరుగుదొడ్డి గుంత నిండితే ఎవరు తీయించాలన్న ప్రశ్న మన ఫుఖహాలను సైతం ఆలోచింపజేసింది. నింపింది అద్దెకున్నవాడు కదా, తీయించడమూ అతనిదే కావాలని తర్కం చెబుతుంది. అయితే ఆచారాన్ని బట్టి ఆ భారం యజమానిపై ఉంచారు. సెప్టిక్ ట్యాంకు దగ్గర జరిగే నేటి వాదులాటలు కొత్తవేమీ కావు. మన దగ్గర ఆచారం ఇంటింటికీ మారుతోంది కాబట్టి ఆ ఒక్క వాక్యం కూడా ఒప్పందంలో రాయించుకోమంటాము.

ఇల్లు దేనికి తీసుకున్నారో దానికే వాడాలి. నివాసానికి తీసుకున్న ఇంట్లో ఏ పని చేస్తామో విడిగా చెప్పనవసరం లేదనీ, అయితే కమ్మరినీ, బట్టలు బాదే చలువవానినీ, పిండి మర పట్టేవానినీ యజమాని అనుమతి లేకుండా ఉంచరాదనీ, వాటి అదురు కట్టడాన్ని దెబ్బతీస్తుందనీ హిదాయాలో ఉంది. ఎనిమిది వందల ఏళ్ళ నాటి ఈ మాట మొన్న ఒక వాటాలో పిండిగిర్ని పెట్టబోయిన సోదరునికి చెబితే ఆశ్చర్యపోయాడు. గ్రంథకర్త తన పక్కింట్లో కూర్చుని రాశాడా అన్నాడు. ఇటు యజమాని కూడా ఇల్లు తనదే అయినా, అద్దెకిచ్చిన వాటాలోకి చెప్పకుండా రాకూడదు. ఇతరుల ఇళ్ళలోకి అనుమతి తీసుకుని, సలాము చేసి మాత్రమే ప్రవేశించాలన్న నూర్ సూరా ఆదేశం కాపురమున్నవారి మర్యాదను కాపాడేది. అద్దెకిచ్చిన ఇల్లు ఆ ఆదేశానికి వెలుపల లేదు. 2021లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలో కూడా, యజమాని లోపలికి రావాలంటే కనీసం 24 గంటల ముందు తెలియజేయాలని ఉంది.

మేడమీద వాటాలో చేరేవారికి మేము ఎప్పుడూ ఒక వృత్తాంతం చెబుతాము. మక్కా నుంచి మదీనాకు వలస వచ్చిన దైవప్రవక్త (స) మసీదు, గదుల నిర్మాణం పూర్తయ్యే దాకా, సుమారు ఏడు నెలలు, హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట్లో ఉన్నారు. వచ్చిపోయేవారికి వీలుగా ఉంటుందని మొదట ఆయన కింది భాగంలోనే ఉండటానికి ఇష్టపడ్డారు. పైన అబూ అయ్యూబ్ దంపతులు. ఒక రాత్రి పైన నీళ్ళకుండ పగిలింది. ఆ నీళ్ళు కిందికి కారి దైవప్రవక్త (స) మీద ఎక్కడ పడతాయోనని దంపతులిద్దరూ తమకున్న ఒకే ఒక్క దుప్పటితో నేల తుడిచారు. వారికి కప్పుకోవడానికి మరొకటి లేదు. ఆ ఇల్లు వారి సొంతం. మనం అద్దెకున్న మేడమీద రాత్రి పదకొండు గంటలకు రోలు దంచుతూ, పిల్లలను పరుగులు పెట్టనిస్తూ ఉంటే కిందివారి సంగతి ఏమిటి? కూరలో కాసిన్ని నీళ్ళు ఎక్కువ పోసి పొరుగువారికి పంపమన్న ప్రవక్త (స) ఉపదేశం మనకందరికీ తెలుసు. కొత్త ఇంట్లో మొదటి వారంలోనే దానిని ఆచరించినవారికి ఆ తరువాత చాలా ఇబ్బందులు తప్పుతాయని మా అనుభవం.

ఇక అడ్వాన్సు. రెండు మూడు నెలల అద్దెను ముందుగా యజమాని దగ్గర ఉంచడం మన ప్రాంతపు ఆచారం. పైన చెప్పిన నమూనా చట్టం నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి తీసుకోవద్దంటోంది. ఇది పేరుకు అమానతు. కానీ యజమాని దానిని తన ఖర్చులకు వాడుకుంటాడు కాబట్టి అది ఆయనపై బాకీ అవుతుంది. అద్దెకు భరోసాగా ఉంచే ఈ కొద్దిపాటి సొమ్మును, ఆచారాన్ని దృష్టిలో ఉంచుకుని, ఉలమా అనుమతించారు. దానికి ప్రతిగా అద్దె తగ్గించకూడదన్నది షరతు. ఆ సొమ్ముపై జకాతు విషయంలో భేదాభిప్రాయాలున్నాయి. మీకు దగ్గరలోని ముఫ్తీగారిని అడిగి తెలుసుకోవడం మంచిది.

ఆ సాయంత్రం మా శిష్యునికి ఇంతవరకూ చెప్పి, జేబులోని కలం తీసి అతని అరచేతికి ఇచ్చాము. "నాలుగు లక్షలు ఆయనకు ఇస్తున్నావు. అది ఆయనకు అమ్ముతున్నావా, దానం చేస్తున్నావా, అప్పు ఇస్తున్నావా?" అని అడిగాము. తిరిగి వస్తుంది కాబట్టి అప్పేనన్నాడు. "ఆ అప్పు ఉన్నన్నాళ్ళు నీకు నెలకు ఎంత మిగులుతుంది?" ఎనిమిది వేలు. "నాలుగు లక్షల మీద నెలకు ఎనిమిది వేలు. నూటికి ఎంత పడింది?"

కాసేపు మాట్లాడలేదు. కరెంటు పనివాడు, లెక్కలు బాగా తెలిసినవాడు. "రెండు రూపాయల వడ్డీ" అన్నాడు, నెమ్మదిగా.

మన ఊరి వడ్డీ వ్యాపారి దగ్గరా అదే ధర. తేడా ఒక్కటే, అక్కడ నోట్ల రూపంలో వస్తుంది, ఇక్కడ గదుల రూపంలో వస్తుంది. ఈ పద్ధతిని రాయలసీమలో 'భోగ్యం' అంటారు, బెంగుళూరులో 'లీజు' అంటారు, హైదరాబాదులో మనవాళ్ళే 'గిర్వీ' అంటారు. పేరు ఏదైనా ఇచ్చింది అప్పు, కుదువ పెట్టుకున్నది ఇల్లు. కుదువ వస్తువును అప్పిచ్చినవాడు షరతు పెట్టుకుని అనుభవిస్తే అది వడ్డీ కోవలోకి వస్తుందని ఫుఖహా స్పష్టం చేశారు. అప్పు మీద షరతుగా పొందే లాభం వడ్డీయేనన్నది వారి మూలసూత్రం. నెలకు వందో, రెండు వందలో పేరుకు అద్దె అని రాసుకున్నా సంగతి మారదు. నాలుగు లక్షలు లేకపోతే ఆ ఇల్లు ఆ ధరకు ఎవరూ ఇవ్వరు గదా.

"ఆయన ఇష్టంతోనే ఇస్తున్నాడు, హజ్రత్" అన్నాడు. వడ్డీకి తీసుకునేవారంతా ఇష్టంతోనే తీసుకుంటారు, అవసరం అలా ఇష్టాన్ని పుట్టిస్తుంది. "అందరూ చేస్తున్నారు" అన్నాడు. దీనికి మేము జవాబు చెప్పలేదు.

ధర్మం మాట అటుంచి, సొమ్ము భద్రత మాటేమిటి? వంద రూపాయలకు మించిన తనఖా రిజిస్టరు అయిన పత్రం ద్వారానే చెల్లుతుందని ఆస్తి బదిలీ చట్టం 59వ సెక్షను చెబుతోంది (కేవలం దస్తావేజులు దాఖలు చేసి పెట్టే తనఖాకు మినహాయింపు). స్టాంపు కాగితం మీద రాసుకుని నాలుగు లక్షలు ఇస్తే ఆ ఇంటి మీద మనకు హక్కేమీ ఏర్పడదు. యజమాని అంతకుముందే ఆ ఇంటిని బ్యాంకులో పెట్టి ఉంటే, వాయిదాలు కట్టకపోతే, బ్యాంకు మనుషులు వచ్చినప్పుడు మన కాగితాన్ని ఎవరూ చూడరు. ఎవరికైనా పెద్ద మొత్తం ఇచ్చే ముందు సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుంచి ఈసీ తీసి చూడటం కనీస జాగ్రత్త. అయినా ఈసీలో కనబడని బాకీలూ ఉంటాయి. దక్షిణ కొరియాలో ఇటువంటి పద్ధతి 'జియోన్సే' అనే పేరుతో దేశమంతటా పాతుకుపోయి ఉంది. ఇటీవలి ఏళ్ళలో ఇళ్ళ ధరలు పడిపోయి, మోసాలు బయటపడి, వేలాది కుటుంబాలు తమ సొమ్ము తిరిగి పొందలేక వీధిన పడ్డాయి. బాధితుల కోసం అక్కడి పార్లమెంటు 2023లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. అంత సంపన్న దేశంలో అలా జరిగితే, రిజిస్ట్రేషను లేని మన కాగితానికి దిక్కెవరు?

మార్గం లేదా అంటే ఉంది. ఏడాది అద్దె ఒకేసారి ముందుగా చెల్లిస్తాను, నెలకు ఎనిమిది వేలు కాక ఏడు వేలకు ఇవ్వమని అడగవచ్చు. అది అద్దెయే, తిరిగి వచ్చే అప్పు కాదు, కాబట్టి ఆ తగ్గింపులో దోషం లేదు. ఆ యజమానికి అవసరమైన నగదు కొంతైనా అందుతుంది. మధ్యలో ఖాళీ చేయవలసి వస్తే మిగిలిన నెలల సొమ్ము తిరిగి ఇవ్వాలని రాసుకుంటే చాలు.

మగ్రిబ్ అజాన్ అయింది. అతను లేచాడు, ముఖంలో సంతోషం లేదు. ఉండవలసిన కారణమూ లేదు. మేము అతని నుంచి ఏడాదికి తొంభై ఆరు వేల రూపాయలు తీసేసుకున్నాము. ఇద్దరు పిల్లల ఫీజులు కట్టే మనిషికి అది చిన్న మొత్తం కాదు. నిషిద్ధమని చెప్పడం మాకు తేలిక, అద్దె కట్టేది అతను. ఆ రాత్రి ఈ ఆలోచన మమ్మల్ని చాలాసేపు నిద్రపోనివ్వలేదు.

మూడు వారాల తరువాత మళ్ళీ వచ్చాడు. ముందుగా చెల్లిస్తానన్న ప్రతిపాదనకు ఆ యజమాని ఒప్పుకోలేదట, ఆయనకు మొత్తం నాలుగు లక్షలూ కావాలట. పట్టణానికి కొంచెం ఎడంగా ఆరున్నర వేలకు మరొక ఇల్లు దొరికింది, రెండు నెలల అడ్వాన్సు. భార్యను తీసుకుని మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్ళి చూశాడట. నీళ్ళు బాగున్నాయి, వంటగది ఇరుకుగా ఉందని ఆమె అంటోంది. అర ఎకరం డబ్బు బ్యాంకులో అలాగే ఉంది. దానితో ఏదైనా కొట్టు పెట్టాలా, చిన్న స్థలం కొనాలా అని ఇంట్లో ఇంకా తేలలేదు. ఒప్పంద పత్రం మీద సాక్షి సంతకానికి మమ్మల్ని రమ్మన్నాడు. వెళ్ళాము. యజమాని పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయులు. మేము చెప్పి రాయించిన పత్రాన్ని కళ్ళజోడు పెట్టుకుని ఆసాంతం చదివారు. సెప్టిక్ ట్యాంకు వాక్యం దగ్గర ఆగి, తలెత్తి మా వంక చూసి, "ఇది కూడా రాస్తారా, మౌలానా గారూ?" అన్నారు. రాస్తామన్నాము. ఆయన నవ్వి, మేము రాసిన 'మరమత్తు'ను 'మరమ్మతు'గా దిద్ది, కింద సంతకం చేశారు.